అగ్గిపెట్టెలో పట్టే ఉయ్యాల

ఉయ్యాల ఊగడం ఆగింది గానీ పెంచలమ్మ నోరు ఆగలేదు.

"ఖాళీ ఉయ్యాల వదినా! నా కళ్ళ ముందర ఊగింది! కడుపుతో ఉండే పిల్లని ఇంట్లో పెట్టుకోని, బిడ్డ భూమ్మీద పడకముందే ఉయ్యాల తెస్తారా ఎవురన్నా? ఈ ఇంట్లో చెప్పేవాళ్ళు లేరా?"

ఆ ఇంట్లో చెప్పాల్సింది కామాక్షే. అందుకే ఆమెకు మరీ మండింది. పైకి మాత్రం, "అది బొమ్మ వదినా," అంది.

"బొమ్మయితే? ఊగలేదా?"

ఊగింది. కాదనడానికి వీల్లేదు. భోజనాలయ్యాక అందరూ హాల్లో కూర్చుని ఉండగా శ్రీహరికోటలో రాకెట్ లేచింది. సూళ్లూరుపేటలో ఆ చప్పుడికి ఎవరూ తలెత్తి చూడరు. కిటికీ అద్దాలు గలగలమంటాయి, గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగులుతాయి, అంతే. ఈసారి బల్ల మీదున్న బొమ్మరిల్లు కూడా వణికింది. దాని మేడగదిలో జానెడు లేని బీరువా తలుపు తెరుచుకుంది. లోపలినుంచి ఈ ఉయ్యాల జారి, మేడ అంచు దాటి, కింద వక్కాకు వేసుకుంటున్న వియ్యపురాలు పెంచలమ్మ ముందు పడింది. బోర్లా పడినా పోయేది. నిలువుగా పడి, ఎవరో తోసినట్టు ముందుకీ వెనక్కీ ఊగింది.

"ఏమండీ!" అని కామాక్షి కేకేసింది. "రండి, ఇట్లా రండి! మీ కళాఖండం చూద్దురుగాని!"

చంద్రమౌళి వరండాలోంచి వచ్చాడు. చేతిలో గరుకు కాగితం, మీసాల మీద చెక్కపొడి. వచ్చి, వంగి, ఉయ్యాలని ఎత్తి, కళ్ళజోడు నుదుటి మీదకు తోసి చూశాడు. తిప్పి చూశాడు. వెలుతురుకి పెట్టి చూశాడు. ఇంట్లో ఇల్లు కూలుతుంటే ఈయనకి తొందరే లేదు.

"ఇది నాది కాదే," అన్నాడు.

"మీది కాకపోతే ఎవరిదండీ? గాలికొచ్చిందా?"

"నాది కాదు కామాక్షీ. నేను చెయ్యలేదు."

కామాక్షికి ఒళ్ళు మండిపోయింది. సూళ్లూరుపేట మొత్తం మీద వేలెడు మంచాలు, బొటనవేలంత కుర్చీలు చేసే మనిషి ఇంకొకడున్నాడా? షార్ రాకెట్ కేంద్రంలో చెక్కపని చేసి రిటైరైన మనిషి ఈయన. యంత్రాలకు పెట్టెలు కట్టిన చేతులు ఇప్పుడు ఐస్‌క్రీం పుల్లలు చెక్కుతున్నాయి. తన గోళ్ళ కత్తెర పోయింది. తన కుట్టుపెట్టెలో గుండుసూదులు పోయాయి. దువ్వెన పళ్ళు విరిచి ఆ ఇంటికి కిటికీ ఊచలు చేశాడు. అడిగితే, "పాత దువ్వెనే కదా," అన్నాడు. ఆ దువ్వెన ఆమె రోజూ దువ్వుకునేది.

పోనీ ఆ పిచ్చి ఆయనతో ఆగిందా? కూతురికీ అంటించాడు. మెట్లెక్కొద్దు, బరువులెత్తొద్దు, ఒకచోట కూర్చోబెట్టండి అని డాక్టరమ్మ చెప్పింది. కూర్చున్నదానికి ఏదో ఒక పని ఉండాలని ఉషారాణికి పూలు చేయడం అలవాటు చేశాడు. మొక్కజొన్న పిండి, తెల్ల జిగురు, ఒక చుక్క నూనె కలిపి పొయ్యి మీద ముద్ద కట్టాలి. ఏ గిన్నెలో? కామాక్షి ఉప్మా కళాయిలో. ఫ్రిజ్‌లో చుట్టిపెట్టిన ఆ ముద్దని చపాతీ పిండనుకుని ఒకసారి ఆమె ఒత్తి పెనం మీద కూడా వేసింది. ఇల్లంతా కంపు. తండ్రీ కూతురూ కళ్ళనీళ్ళు కారేలా నవ్వారు. ఎన్నాళ్ళకో పిల్ల నవ్వింది కదా అని కామాక్షి ఆ రోజు ఏమీ అనలేకపోయింది.

పూలు మాత్రం పూలే, ఆ మాట ఒప్పుకోవాలి. నువ్వుగింజంత ముద్ద తీసుకుని, కొస చీల్చి, గుండుసూది తలతో ఒక్కో రేకూ నొక్కుతుంది ఉషారాణి. కనకాంబరాల కుండీ చేస్తే కింద ఒక పువ్వు రాలి ఉంటుంది. ఆ రాలిన పువ్వుకి అంచు వాడి ఉంటుంది. పొద్దున కారు దిగి లోపలికొచ్చిన పెంచలమ్మ, "ఈడ ఊడ్చుకోలేదే," అంటూ బొమ్మరింటి వసారాలోని ఆ పువ్వుని తీసి పారేయబోయింది. అతికించిన పువ్వు ఊడి రాలేదు. అందరూ నవ్వుకున్నారు. తోటపల్లి గూడూరునుంచి ఆమె తెచ్చిన రొయ్యలు వేయించి కడుపునిండా తిన్నారు. అంతా బాగానే ఉంది. ఇంతలో ఆ మాయదారి రాకెట్.

"చెల్లెమ్మా, ఒక్కమాట," అన్నాడు చంద్రమౌళి. "నా సామాను ఏదీ కింద పడదు. రాకెట్ పోయినప్పుడల్లా ఇల్లు అదురుతుందని ప్రతిదానికీ అడుగున మైనం పెట్టి అంటిస్తా. దీనికి మైనం లేదు."

"మైనం లేకపోతే ఏంది అన్నయ్యా, నేను చెప్పేది..."

"ఇంకోటి. దీనికి కొలత తప్పింది. మన ఇల్లు అడుగుకి అంగుళం లెక్క. ఉయ్యాల మూడడుగులుంటే ఇది మూడంగుళాలుండాల. ఇదేంది, అగ్గిపెట్టెలో పట్టేటట్టుంది! ఇంత చిన్న ఉయ్యాల నేనెందుకు చేస్తా?"

కామాక్షి నెత్తి కొట్టుకుంది. వియ్యపురాలు కోడల్ని తీసుకుపోతానంటుంటే ఈయన అంగుళాలు లెక్కపెడుతున్నాడు.

అవును, పెంచలమ్మ ఆ మాట అననే అంది. మొదట గొణిగింది, తర్వాత గట్టిగా అంది. "పాపా, నీ గుడ్డలు సర్దుకో. సాయంత్రం నాతో వచ్చేయి. కారుండాది. మెల్లగా పోదాం."

ఉషారాణి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఏడో నెల పొట్ట మీద పళ్ళెం పెట్టుకుని, అందులో మల్లెమొగ్గలు చేస్తోంది. తల ఎత్తలేదు.

"డాక్టరమ్మ ప్రయాణాలు వద్దనింది వదినా," అంది కామాక్షి. "అందులోనూ కాన్పు పుట్టింట్లోనే కదా..."

"పుట్టింట్లో!" పెంచలమ్మ ఆ మాటని అక్కడే పట్టుకుంది. "పోయినసారి పుట్టింట్లోనే కదా వదినా? సీమంతం చేసి, చేతినిండా గాజులేసి, మీ చేతుల్లో పెట్టిపోయినా. నేనేమన్నా అడిగినానా ఆ పొద్దు? ఒక్క మాటన్నా అడిగినానా?"



అడగలేదు, నిజం. ఆ రోజు పెంచలమ్మ కారు దిగేసరికే అంతా అయిపోయింది. ఆస్పత్రి వరండాలో నిలబడి, "ఏమైంది వదినా?" అని మాత్రం అడిగింది. కామాక్షి చెప్పింది. బిడ్డ లోపలే పోయింది, చూసేదానికేమీ లేదు, గుప్పెడంత, ఆకారం కూడా సరిగా రాలేదు, అని. పెంచలమ్మకి అదే చెప్పింది. మొగుడికీ అల్లుడికీ అదే చెప్పింది. మత్తు దిగి కళ్ళు తెరిచిన కూతురికీ అదే చెప్పింది. ఆ తర్వాత ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తకుండా కాపలా కాసింది. మళ్ళీ నెల తప్పిందని తెలిశాక అయితే మరీనూ. పుట్టబోయే బిడ్డకని జేబురుమాలంత గుడ్డ కూడా కొననివ్వలేదు.

అలాంటి ఇంట్లో ఈ బొమ్మరిల్లు లేచింది. "ఎవరికండీ ఇది?" అని ఆమె ఎన్నిసార్లు అడిగినా చంద్రమౌళి, "ఎవరికీ కాదు," అనేవాడు. మనవడికనో మనవరాలికనో అంటే భార్య ఊరుకోదని ఆయనకు తెలుసు. ఎవరికీ కాని ఇంట్లోకి మంచాలొచ్చాయి, కుర్చీలొచ్చాయి, రుబ్బురోలు వచ్చింది, బీరువా వచ్చింది. ఉయ్యాల మాత్రం రాకూడదని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే అందరికీ తెలుసు.

"ఉండండి, వాడితోనే చెప్పిస్తా," అని పెంచలమ్మ కొడుక్కి ఫోను చేసి, అందరికీ వినిపించేలా పెట్టింది. పెంచలకృష్ణ రొయ్యల గుంటల దగ్గరున్నాడు. వెనక, గుంటల్లోకి గాలి కొట్టే జనరేటరు మోత.

"అమ్మా, ఈడ కరెంటు లేదు, డీజిలు అయిపోతుండాది. ఏంది, బిన్నా చెప్పు, నాకు టైము లేదు."

"ఉయ్యాలరా! మీ మామ ఇంట్లో ఉయ్యాల పెట్టినాడు!"

"నేను కాదబ్బాయా," అన్నాడు చంద్రమౌళి దూరంగానే.

"ఎంత ఉయ్యాల?"

"అగ్గిపెట్టంత."

"అమ్మా, అగ్గిపెట్టంతదానికి ఫోను చేసినావా? మీరూ అత్తా చూసుకోండి. ఉషని ఏడిపించొద్దు." పెట్టేశాడు.

"వాడికి రొయ్యలకి ఊపిరాడితే చాలు," అంది పెంచలమ్మ. ముక్కు చీది, చెంగుతో తుడుచుకుంది. "భయం వదినా. నాకేం మీ మీద కోపమా? రెండోసారి ఏమన్నా అయితే ఆ పిల్ల తట్టుకోలేదు. నేనూ తట్టుకోలేను."

కామాక్షికి జాలి వేసింది. జాలి వేసినందుకు ఇంకా చిరాకు వేసింది. తనకి భయం లేదా? రాత్రింబవళ్ళు పిల్ల పక్క తిరిగి పడుకుందో లేదో చూస్తున్నది ఎవరు? తను ఎవరితో చెప్పుకుంది?

"ఇప్పుడేం చేయమంటారు వదినా, అది చెప్పండి," అంది విసురుగా.

"దిష్టి తీసేయండి. ఆ ఉయ్యాల తోటే పిల్లకి తిప్పి నిప్పుల్లో పారేయండి. నా కళ్ళ ముందర కాలిపోవాల. అప్పుడు నేను నా దారిన పోతా. పిల్ల ఈడనే ఉండనీ."

"అంతేనా?"

"అంతే."

కామాక్షికి ప్రాణం లేచివచ్చింది. ఇంత సులువైనదాన్ని పొద్దుగూకేదాకా సాగదీశారే! పెరట్లోకి పోయి ఇనప మూకుట్లో కొబ్బరి చిప్పలు పేర్చి అంటించింది. అవి తొందరగా అంటుకోక ఆమెను కాసేపు ఏడిపించాయి. చంద్రమౌళి వెనకే వచ్చి నిలబడ్డాడు.

"కామాక్షీ, పని బాగుందే. అతుకులు చూడు. మేకు లేకుండా పుల్లకి పుల్ల గాడి చేసి దింపినారు. కాల్చడమెందుకు? యాడన్నా దాచిపెడితే..."

"మీరు నోర్మూసుకుంటే మీకు దండం పెడతా."

ఆయన మూసుకున్నాడు. నిప్పులు రాజుకున్నాక మూకుడుని పట్టకారుతో పట్టుకుని హాల్లోకి తెచ్చి గడప దగ్గర పెట్టింది. కుడి గుప్పిట్లో రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు తీసుకుంది. ఎడం చేతిలోకి ఉయ్యాల తీసుకుంది. అప్పటిదాకా దాన్ని ఆమె చేత్తో ముట్టుకోలేదు.

"కాళ్ళు చాపుకో మే," అంది కూతురితో. "తూర్పుకి తిరుగు. ఆ పళ్ళెం పక్కన పెట్టు. చెప్పేది నీకే. ఈ పొద్దు పొద్దున్నించీ నోట్లోంచి ఒక్క మాట రాలేదు, నువ్వేమన్నా మొక్కవా?"

ఉషారాణి పళ్ళెం పక్కన పెట్టింది. తూర్పుకి తిరిగింది.

కామాక్షి తిప్పడం మొదలుపెట్టింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి..." పెంచలమ్మ చేతులు జోడించుకుని నిలబడింది. రెండో చుట్టులో ఉయ్యాల కామాక్షి కళ్ళకు దగ్గరగా వచ్చింది. లోపల పరుపుంది. పరుపు మీద దిండుంది. దిండు చుట్టూ నూలుపోగుకి గుచ్చిన మల్లెదండ ఉంది. ఆ మల్లెలు చేసే చెయ్యి ఈ ఇంట్లో ఒకటే. పరుపు గుడ్డ మాసిన పసుపురంగు. సన్నని ఎర్ర గీత.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆ పసుపు చీర తనది. ఉతికి ఉతికి మెత్తబడ్డ నేత చీర. పోయినసారి కాన్పుకి ఆస్పత్రికి తీసుకుపోయింది, బిడ్డని చుట్టడానికి. దాన్ని నిలువునా సగానికి చింపింది తనే. ఒక సగం మాత్రమే ఇంటికి తిరిగొచ్చింది. దాన్ని తన ట్రంకుపెట్టె అడుగున, పాత దుప్పట్ల కింద పెట్టింది.

"ఆగినారేంది వదినా? ఇంకో చుట్టుండాది," అంది పెంచలమ్మ.

కామాక్షి మూడో చుట్టు తిప్పింది. ఎట్లా తిప్పిందో ఆమెకే తెలియదు. గడప దగ్గరికి నడిచింది. నిప్పుల సెగ పాదాలకు తగులుతోంది. ఎడం చెయ్యి చాపింది.

"అమ్మా, వద్దు," అంది ఉషారాణి.

మెల్లగానే అంది. అయినా అందరూ అటు తిరిగారు.

"వద్దంటే ఎట్లా పాపా, దిష్టి తీసినాక..."

"అది ఖాళీ ఉయ్యాల కాదత్తా. దాంట్లో పడుకునుండేవాళ్ళు ఉండారు. మీకు కనపడరు. నాకూ కనపడరు."

చంద్రమౌళి నుదుటి మీది కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నువ్వు చేసినావా అమ్మా?" అన్నాడు. "పుల్లలు ఎప్పుడు కోసుకున్నావు? నేను చూడనేలేదే."

"నువ్వు పడుకున్నప్పుడు నాన్నా. నీ సామాను తోనే. ఇది వచ్చే బిడ్డకు కాదు. వచ్చే బిడ్డకు నేనేమీ చేసిపెట్టలేదు, అమ్మ మీద ఒట్టు. ఇది పోయినదానికి." ఆమె కుర్చీ చేతులు పట్టుకుని కొంచెం ముందుకు జరిగింది. "కొలత తప్పిందన్నావు కదా. నాకు కొలత తెలీదు నాన్నా. నేను చూడలేదు. అమ్మ గుప్పెడంత అనింది. ఆకారం కూడా రాలేదనింది. అందుకని చిన్నదిగా చేసినా."

కామాక్షి ఉయ్యాలని వెనక్కి తీసుకుంది. "ఇప్పుడెందుకు మే ఆ మాటలన్నీ? కడుపులో ఇంకోటి పెట్టుకోని..."

"చీర నీ పెట్టెలో దొరికింది. దుప్పటి కోసం వెతుకుతుంటే. సగమే ఉండాది."

"ఉంటే?"

"తక్కిన సగం బిడ్డకు చుట్టినారు కదా?"

కామాక్షి చూపు నిప్పుల మీదకు మళ్ళింది.

"గుప్పెడంత బిడ్డకి సగం చీర ఎందుకమ్మా?"

మూకుట్లో కొబ్బరి చిప్ప ఒకటి చిటపటమని విరిగింది. పొగ హాల్లోకి వస్తోంది. ఎవరూ తలుపు వేయలేదు.

మధ్యాహ్నం నించీ కామాక్షి ఒకరి మీద కాకపోతే ఒకరి మీద కోపంతో నెట్టుకొచ్చింది. మొగుడి మీద, వియ్యపురాలి మీద, రాకెట్ మీద, అంటుకోని చిప్పల మీద. ఇప్పుడు కోపం కోసం వెతుక్కుంటే ఎక్కడా దొరకలేదు. ఆ వేళ నర్సు బిడ్డని తెచ్చి చేతిలో పెట్టినప్పుడు తల్లికి చూపించకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తనే అనుకుంది. చూస్తే పిల్ల బతకదనుకుంది. చిన్నదని చెబితే చిన్న దుఃఖంతో పోతుందనుకుంది.

"వదినా," అంది పెంచలమ్మ. అరుపు లేదు, ఏమీ లేదు. నేల మీద, బొమ్మరిల్లున్న బల్ల కాలికి ఆనుకుని కూర్చుండిపోయింది. "ఆడపిల్లా?"

కామాక్షి ఉయ్యాలని తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టింది.

"ఏడవనులే," అంది ఉషారాణి. "డాక్టరమ్మ ఏడవద్దనింది. నాకు కొలత చెప్పు, చాలు. మళ్ళీ చేసుకుంటా."

"నోటితో చెప్పలేను మే."

"చూపించు."

చూపించాలంటే చేతులు ఖాళీ ఉండాలి. కామాక్షి కుడి గుప్పిట విప్పింది. ఉప్పూ మిరపకాయలూ నేలమీద పడ్డాయి. రెండు చేతులూ ఎదురెదురుగా పెట్టింది. మొదట జానెడు దూరంలో పెట్టింది. అది అబద్ధం. ఇంకొంచెం జరిపింది. ఇంకొంచెం. పెంచలమ్మ, "అయ్యో నా తల్లీ, అంత బిడ్డా," అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. చంద్రమౌళి గోడ వైపు తిరిగిపోయాడు.

కామాక్షి చేతులు వణికి, దూరం నిలవడం లేదు. ఒకసారి ఎక్కువవుతోంది, ఒకసారి తక్కువవుతోంది. ఉషారాణి ముందుకు వంగి తల్లి రెండు మణికట్లూ గట్టిగా పట్టుకుంది.

"కదలకుండా పెట్టమ్మా," అంది. "నేను చూసుకోవాల."